మా మామను తవ్వి తీసిన ఏడాది

మా మామ చచ్చిపోయినప్పుడు నేను ఏడవలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పబోయేది విని, ఈమెకు మామంటే ఎంత ప్రేమో అని ఎవరైనా అనుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనంటే నాకు ఏ కోశానా ఇష్టం లేదు. ఊరందరికీ నవ్వులు పంచాడంటారు, నిజమే. ఆ నవ్వులకు కావాల్సిన సరుకంతా మా ఇంట్లోంచే పోయింది. మా అత్త వంట, మా అత్త ఏడుపు, మా పుట్టింటివాళ్ళ మాట తీరు, మా ఆయన పిరికితనం, దేన్నీ ఆయన వదిలిపెట్టలేదు.

ఆయన నాటకాల్లో హాస్యగాడు. మా వైపు బపూన్ అంటారు. రాజు వేషం, రాణి వేషం లోపల సర్దుకునేలోగా తెర ముందుకు వచ్చి జనాన్ని నవ్వించి పోవాలి. బెళుగుప్ప నుంచి వజ్రకరూరు దాకా ఏ ఊళ్ళో నాటకమన్నా జనం నాటకం పేరు అడిగేవాళ్ళు కాదు, "బపూన్ వస్తాండాడా?" అని అడిగేవాళ్ళు. పంతొమ్మిది వందల యాభైల మొదట్లో నేను కోడలిగా వచ్చేటప్పటికే ఆయనకు ఎనభై దాటి ఉంటాయి. పళ్ళు లేవు, చూపు సగమే, ఆకలి మాత్రం నిండుగా ఉంది. వయసెంత మామా అని అడిగితే, "యముని దగ్గర రాసుండాది, పోయి చూసుకోని రాపో" అనేవాడు.

ఆయన ముఖం గురించి చెప్పకపోతే తర్వాతిది ఏదీ అర్థం కాదు. ఆయనకు బొల్లి. ఎడమ కంటి చుట్టూ, మూతి చుట్టూ, గడ్డం మీద, రెండు చేతుల మీదా తెల్లటి మచ్చలు. చిన్నతనంలో ఆయన్ని చూసి పక్కకు తప్పుకునేవాళ్ళట, పెళ్ళిళ్ళలో విడిగా కూర్చోబెట్టేవాళ్ళట. ఆయన ఆ మచ్చలతోనే బతుకు నెట్టుకొచ్చాడు. తెర ముందుకు వస్తూనే దీపం దగ్గరికి ముఖం పెట్టి, "దేవుడు నాకు రంగు పూస్తా పూస్తా మధ్యలో సంగటి తినను పోయినాడప్పా. ఇంగా రాల్యా. యాడన్నా కనపడితే అంపీయండి" అనేవాడు. జనం పడిపడి నవ్వేవాళ్ళు. అన్నేళ్ళు నవ్వాక ఎవరికైనా భయం ఎక్కడ మిగులుతుంది? కొత్తగా పుట్టినవాళ్ళకైతే అది రోగమని కూడా తెలీదు. రంగు వేసీ వేసీ అది తోలులోకి ఇంకిపోయిందని ఆయనే చెప్పేవాడు, వాళ్ళు నమ్మేవాళ్ళు.

మా ఆయనకూ ఆ మచ్చలున్నాయి. పెళ్ళయిన కొత్తలో వీపు మీద తమలపాకంత మచ్చ చూశాను. నేను చూశానని ఆయనకు తెలిసిపోయింది. "ఎవురికీ చెప్పొద్దు. నాయనకంటే నవ్వించేది తెలుసు. నాకేం తెలుసు?" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను ఆ ఇంట్లో ఉండిపోయానేమో అనిపిస్తుంది. మా ఆయన చాలా మెత్తని మనిషి. మెడ దాకా గుండీలు, మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుని మే నెల ఎండలో కూడా చేనుకు పోయేవాడు. స్నానం తడిక వెనక. ఏళ్ళు గడిచేకొద్దీ మచ్చ వీపంతా పాకింది, ఛాతీకి వచ్చింది, భుజాల మీదుగా మోచేతుల దాకా దిగింది. ముఖానికి మాత్రం రాలేదు, అదే అదృష్టం అనుకున్నాం.

ఆ సంగతి మా మామకు తెలుసు. తెలిసి ఏం చేశాడంటే, ఒక నాటకంలో మా అందరినీ ముందు వరసలో కూర్చోబెట్టి, "మా వాడు మండుటెండలో కూడా గొంతు దాకా గుండీలు పెట్టుకుంటాడప్పా. దొరబిడ్డ! నేను ఊర్లో లేనప్పుడు మా ఇంటి దావన ఏ దొర పోయినాడో వాళ్ళమ్మను అడగల్ల" అన్నాడు. ఊరంతా తిరిగి మా అత్తను చూసి నవ్వింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన గుండీ ఊడిందేమో అని తడుముకుంటున్నాడు.

మర్నాడు సంగటి పెట్టేటప్పుడు నేను ఊరుకోలేదు. "ఏం మామా, ఇంటి గుట్టు వీధిలో పెడతావా?" అని అడిగాను.

"గుట్టు యాడ చెప్పినానమ్మా? గుట్టు సుట్టూ తిరిగొచ్చినా. జనం నవ్వేది ఆడనే" అన్నాడు, సంగటి ముద్దకు గుంట చేసి పప్పు పోయించుకుంటూ. "ఇంగ రోంత పొయ్యి."

వేషం విప్పాక మారేవాడా అంటే అదీ లేదు. మా వైపు తొలకరి పడగానే వజ్రాల కోసం జనం ఎర్రచేలల్లో తల వంచుకుని తిరుగుతారు. వాన నేలను కడిగితే రాళ్ళు మెరుస్తాయని ఆశ. ఒక ఏడు మా మామ కలకండ ముక్కలు సానబట్టి అక్కడక్కడా చల్లాడు. ఒక ముసలమ్మకు దొరికింది. కొడుకు పోయి, కోడలు వెళ్ళిపోయి, ఒంటరిగా ఉండే మనిషి. ఆమె ఆ ముక్కను కొంగున కట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఎవరైనా లాక్కుంటారేమో అని తలుపు వేసుకుని పడుకుంది. లేచేసరికి కొంగంతా చీమలు. ఆ కథను ఆయన చీమలతో సహా వేషం కట్టి అన్ని ఊళ్ళలోనూ ఆడాడు. ముసలమ్మ కూడా వచ్చి చూసి నవ్వింది, ఏం చేస్తుంది పాపం.

ఇంతకంటే ఘోరమైన పని ఇంకొకటి ఉంది. మా ఊళ్ళో పండు ముసలివాళ్ళు పోతే ఏడుపు గడప దాకే. పాడె లేచాక పలకలు కొడతారు, పాటలు పాడతారు. ఆ పాడె ముందు మా మామ ఆడేవాడు. చచ్చిపోయినాయన ఎలా నడిచేవాడు, ఎలా కాండ్రించేవాడు, కోడళ్ళను ఎలా తిట్టేవాడు, అవన్నీ చేసి చూపిస్తూ శ్మశానం దాకా పోయేవాడు. అది మర్యాద. బపూన్ ముందు నడవకపోతే ఆ ఇంటివాళ్ళు తలెత్తుకోలేకపోయేవాళ్ళు. జనం నవ్వుతూ పోయి పూడ్చి, నవ్వుతూ వచ్చి స్నానాలు చేసేవాళ్ళు.

బాగా ఆడాలంటే ముందే చూసుకోవాలి కదా. అందుకని ఎవరైనా మంచాన పడ్డారంటే ఈయన పోయి మంచం పక్కన కూర్చునేవాడు. చేతికర్ర మీద గడ్డం ఆనించి, రెప్ప వేయకుండా చూసేవాడు. "ఇంగొకతూరి దగ్గన్నా, సరిగ్గా ఇనపడల్యా" అనేవాడు. ఆ కర్ర చప్పుడు వీధిలో వినిపిస్తే చాలు, మంచంలోని మనిషికి చెమటలు పట్టేవి. ఒక ముసలాయన చేతికందిన చెంబు విసిరికొడితే నుదురు పగిలింది. మర్నాడు కట్టుతో మళ్ళీ పోయి కూర్చున్నాడు. తర్వాత పాడె ముందు చెంబు విసరడం కూడా ఆడాడు.

మా అత్త మంచాన పడినప్పుడు ఆయన ఎక్కడికీ పోకుండా పక్కనే కూర్చున్నాడు. నాటకాలు మానుకున్నాడు. నేను పిచ్చిదాన్ని, ముసలాయనకు చివరికైనా పెళ్ళాం మీద ప్రేమ పుట్టిందనుకుని ఆయనకు కూడా వేడి గంజి ఇస్తూ వచ్చాను. ఆమె పోయిన రోజు పాడె లేవగానే ఆయన కొంగులా పైగుడ్డ కప్పుకుని ముందుకు వచ్చాడు. మా అత్త పొయ్యి ఊదడం, మొగుడి దగ్గు వినగానే ముసుగు లాక్కోవడం, బియ్యం లేనప్పుడు పక్కింటి గడప దగ్గర నిలబడి నీళ్ళు నమలడం, అన్నీ చేశాడు. చివరి రోజుల్లో నొప్పికి పళ్ళు బిగబట్టి ఆమె చేసిన శబ్దం, అదీ చేశాడు. అచ్చం ఆమే. పాడె మోస్తున్న మా ఆయన అడుగు తప్పి తూలాడు. జనం కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వారు.

ఆ సాయంత్రం నన్ను పిలిచి, "బాగా చేసినానా అమ్మా?" అని అడిగాడు.

"నువ్వు మనిషివి కాదు" అన్నాను.

"అందుకే గదమ్మా యముడు నన్ను పట్టించుకోనేల్యా" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏడ్చాడో లేదో నాకు తెలీదు, నేను చూడలేదు.

ఆ తర్వాత కూడా ఆయన ఏళ్ళ తరబడి బతికాడు. తన ఈడువాళ్ళు, తనకంటే చిన్నవాళ్ళు, అందరి పాడెల ముందూ ఆడాడు. చివరికి ఒక మధ్యాహ్నం చావిడి గోడకు ఆనుకుని నోరు తెరుచుకుని పోయాడు. చచ్చినట్టు నటించడం ఆయనకు పాత అలవాటు, అందువల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎప్పుడు లేస్తాడా అని చూస్తున్నారు. నోట్లోకి ఈగ దూరితే, "అబ్బా, ఈగను కూడా ఓర్సుకుంటాండాడు చూడు" అని చప్పట్లు కొట్టారు. ఈగ బయటికి వచ్చి మళ్ళీ దూరింది. అప్పుడు గానీ ఒకాయన లేచి భుజం తట్టి చూడలేదు.

ఇక్కడే మా ఊరివాళ్ళు తప్పు చేశారు. మా వైపు ఒక కట్టు ఉంది. మా కులంలో శవాన్ని పూడుస్తారు, కానీ బొల్లి ఉన్నవాళ్ళను మాత్రం పూడ్చకూడదు, కాల్చాలి. బొల్లి మనిషి నేలలో ఉంటే ఆ ఊరి మీద మబ్బు నిలబడదంటారు. చినుకు కోసం మొహం వాచిన నేల కదా, ఇలాంటివి చాలా పుడతాయి. ఆ రోజు ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన్ని బొల్లి మనిషిగా ఎరిగినవాళ్ళందరూ ఆయనకంటే ముందే పోయారు. మిగిలినవాళ్ళకు ఆయన బపూన్, ఆ తెలుపు వేషం. శవానికి స్నానం చేయించినవాళ్ళు కూడా, ముసలాయన చచ్చినా రంగు పోలేదని నవ్వుకున్నారు. మా అత్త పక్కనే గుంట తీసి, ఉప్పు పోసి పూడ్చారు. పాడె ముందు ఆడడానికి ఎవరూ లేరు. మా ఆయనను అడిగితే తల అడ్డంగా ఊపాడు.

ఇంటికొచ్చాక మా ఆయన తలుపు వేసి, నా దగ్గర కూర్చుని, "ఎవురికీ గ్యాపకం రాల్యా. చూసినావా?" అన్నాడు. ఆయన ముఖంలో అలాంటి వెలుగు నేనెప్పుడూ చూడలేదు. తండ్రి పోయిన దుఃఖం కాదది. తనకూ అదే చోటు దొరుకుతుందని ఆశ. అమ్మ పక్కన, నాయన పక్కన, నలుగురిలాగా మట్టిలో. అంతకు ముందు ఆయన చావు గురించి ఒక్క మాట కూడా ఎత్తేవాడు కాదు. ఆ రోజు, "నన్ను ఆ తంగేడు చెట్టు పక్క పెట్టమని చెప్పు" అన్నాడు, చేను పంచుకున్నంత తృప్తిగా. నాకు మామ మీద మొదటిసారి కోపం కాస్త చల్లారింది. చచ్చి ఒక మేలు చేశాడనుకున్నాను.

ఆ ఏడు వాన సగమే పడింది. చెనిక్కాయ చేలల్లో ఊడలు భూమిలోకి దిగి కాయ పట్టే వేళకు మబ్బు మాయమైంది. మరుసటి ఏడు అదీ లేదు. బావుల్లో రాతి పొర కనబడింది. ఎద్దులను సంతకు తోలితే కొనేవాడు లేక వెనక్కి తోలుకొచ్చారు, దారిలోనే రెండు పడిపోయాయి. ఆడా మగా రోడ్డు పక్కన కరువు పనికి కంకర కొట్టడానికి పోయేవాళ్ళం. కప్పను కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పోయించుకున్నారు, మట్టి బొమ్మను ఊరేగించారు, ఎడతెగకుండా భజన చేశారు. గొంతులు పోయాయి గానీ చినుకు రాలేదు.

అలాంటి రోజుల్లో పడమటి వైపు నుంచి ఒక గొర్రెల కాపరి మేత వెదుక్కుంటూ మా ఊరు వచ్చాడు. చావిడి దగ్గర నీళ్ళు అడిగాడు. మా మామ నాటకాలు చూసినవాడేమో, "ఆ బొల్లి బపూన్ ఉండాడా ఇంగా?" అన్నాడు.

"సచ్చిపోయినాడప్పా, శానా దినాలాయ."

"యాడ కాల్చినారు?"

"కాల్చేదేంది? పూడ్చినాము."

కాపరి చెంబు నోటి దగ్గర నుంచి దించాడు. నీళ్ళు తాగకుండా కింద పెట్టి, గొర్రెలను అదిలించుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. చావిడిలో ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారట. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. నేను నీళ్ళ కోసం పోతే ఆడవాళ్ళు మాటలు ఆపేసి, నాకు ముందు దారి ఇచ్చారు. ఎప్పుడూ ఇవ్వనివాళ్ళు!

మర్నాడు పొద్దున ఊరిపెద్దలు మా ఇంటికి వచ్చారు. కేకలు లేవు, బెదిరింపు లేదు. చెప్పులు బయట విడిచి, మా ఆయన చేతులు పట్టుకుని, ఎంత మర్యాదగా మాట్లాడారో! వాళ్ళలో పెద్దాయన, "మీ నాయన మాకు గూడా నాయనేప్పా. మమ్మల్ని నవ్వించినట్ల ఎవురు నవ్వించినారు? కానీ ఏం చేస్తాము. పసిబిడ్డలకు పాలు ల్యావు. నువ్వు ఊఁ అంటే తీసి కాల్చేస్తాము. మొదటి పార నీ చేత్తో పడల్ల" అన్నాడు.

నేను తలుపు పక్క నుంచి బయటికి వచ్చేశాను. "వాన ఈ ఊరికి ఒక్కదానికే ల్యాదా? పక్కూర్లలో పడతాందా? ఆ ఊర్లలో ఎవుర్ని తవ్వుతారు?" అని అడిగాను.

"ఆడ గూడా ఎవురన్నా ఉంటారు వదినా" అన్నాడు ఒకాయన తాపీగా. ఇంకొకాయన, "నీకెందుకు వదినా అంత పట్టింపు? ఆయనంటే నీకు పడదు గదా. ఊరంతా ఎరుగుదుము" అన్నాడు.

అది నిజమే కాబట్టి మా ఆయన వైపు తిరిగాను. మా ఆయన తల వంచుకుని మణికట్టు దగ్గర గుండీ సర్దుకుంటున్నాడు. "సరేప్పా, మీ ఇష్టం" అన్నాడు.

వాళ్ళు పోయాక నేను మీద పడ్డాను. "ఎందుకు ఒప్పుకుంటివి? కాదని చెప్పలేవా?"

"కాదంటే ఎందుకని అడుగుతారు. ఏం జెప్పల్ల? నన్ను అడుగుతా అడుగుతా నన్నే చూస్తారు."

"ఈ పొద్దు నాయనకు చేసేది రేపు నీకు చేస్తారు."

"తెలుసు" అన్నాడు. పార వెదకడానికి దొడ్లోకి పోయాడు.

కరువులో కట్టెలు ఎక్కడివి? ఇంటికొక కట్టె తేవాలని చాటింపు వేశారు. జనం తెచ్చిన కట్టెలు చూడాల్సింది. విరిగిన మంచం కోడు, పురుగు పట్టిన కాడి, పాత ఉయ్యాల బద్ద, తలుపు గడియ. ఒకామె జొన్నదంటు కట్ట తెచ్చి, మళ్ళీ మేకకు కావాలని సగం వెనక్కి తీసుకుపోయింది. బతికినన్నాళ్ళూ ఆయన నవ్వించినందుకు ఊరు ఆయనకు ఇచ్చింది ఆ చెత్త. చచ్చిపోయిన ముసలాయన చూస్తే అదంతా వేషం కట్టేవాడే, అదీ నిజమే.

అందరూ చావిడి దగ్గర చేరాక ఎవరికో బుద్ధి పుట్టింది. "ఆ పొద్దు పాడె ముందర ఎవురూ ఆడల్యా. ఈ పొద్దన్నా ముసలాయనకు మర్యాద చేద్దాము" అన్నారు. ఒక పడుచువాడు సిద్ధమయ్యాడు. ముఖాన సున్నం బొట్లు పెట్టుకున్నాడు, ఎడమ కంటి చుట్టూ, మూతి చుట్టూ. కర్ర పట్టుకుని వంగి నడిచాడు. దేవుడు సంగటికి పోయిన మాట చెప్పాడు. చచ్చేవాళ్ళను మళ్ళీ దగ్గమన్నాడు. కడుపులో కూడు లేనివాళ్ళు, నిలబడడానికి ఓపిక లేనివాళ్ళు, గోడలు పట్టుకుని నవ్వారు. మా ఆయన భుజాన పార పెట్టుకుని నడుస్తూ, తనూ నవ్వుతున్నాడు. పళ్ళు కనబడుతున్నాయి, కళ్ళు మాత్రం నేల మీద ఉన్నాయి.

ఆ పడుచువాడికి ఇంకా ఉత్సాహం వచ్చింది. ముసలాయన గొంతుతో, "ఏమిరా దొరబిడ్డా, ఇంత ఎండలో చొక్కా ఏందిరా? ఇప్పు నాయనా, గాలాడల్ల" అంటూ మా ఆయన మీదికి వచ్చి మెడ దగ్గర గుండీ పట్టుకుని లాగాడు. గుండీ తెగి కింద పడింది. మా ఆయన పార వదిలేసి రెండు చేతులతో మెడ మూసుకున్నాడు. నేను మనుషులను తోసుకుని పోయి, వాడి జుట్టు పట్టుకుని, కొంగుతో వాడి ముఖం మీది సున్నం చెరిపేశాను. ఎంత గట్టిగా చెరిపానంటే వాడు కుయ్యోమన్నాడు. జనం ఇంకా గట్టిగా నవ్వారు. బపూన్ కోడలు కూడా ఆటలో దిగిందనుకున్నారు. గుండీ దొరకలేదు. మా ఆయన మిగిలిన దారంతా మెడ దగ్గర చొక్కా పిడికిట పట్టుకుని నడిచాడు.

మొదటి పార ఆయనే వేశాడు. గట్టి నేల, పార ఎగిరిపడింది. తర్వాత పడుచువాళ్ళు గడ్డపారలతో దిగారు. ఆ ఉప్పుకు, ఆ ఎండకు, ముసలాయన కుళ్ళలేదు, ఎండిపోయి ఉన్నాడు. పైకి తీసి పడుకోబెట్టారు. అందరూ ముక్కులకు గుడ్డలు పెట్టుకుని ముందుకు వంగారు, మచ్చలు చూద్దామని. మచ్చలు లేవు. ముఖమూ చేతులూ అంతా ఒకే రంగు, ఎండిన చింతపండు రంగు. "యాడప్పా బొల్లి? ల్యాదే!" అన్నాడొకడు.

నాకు ఆశ పుట్టింది. "ల్యాదు గదా, మళ్ళా పూడ్చేయండి" అని అరిచాను.

పెద్దాయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "బతికినప్పుడు ఉండెలే. మేమందరం చూసినాము గదా" అన్నాడు. ఇంకొకాయన, "ఇంత దూరం కట్టెలు మోసుకోనొచ్చినాము" అన్నాడు. దాంతో అయిపోయింది. మంచం కోళ్ళూ, కాడీ, ఉయ్యాల బద్దా పేర్చి కిరసనాయిలు పోశారు. మా ఆయన నిప్పు పెట్టాడు. ఒక చేత్తో పెట్టాడు, రెండో చెయ్యి మెడ దగ్గరే ఉంది. మా అత్త ఒక్కతే ఆ నేలలో మిగిలింది. నేను ఆ రోజు ఏడ్చాను. మామ కోసం కాదని ఇంకొకసారి చెబుతున్నాను.

ఆ వారం తిరక్కముందే వాన వచ్చింది.

రాకపోతే బాగుండేదని నేను అనకూడదు. బిడ్డలు చస్తున్నారు. కానీ అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. పట్టపగలు పడమట నల్లగా కమ్ముకుని, ఉరుము కూడా లేకుండా ధారగా కురిసింది. జనం వీధుల్లోకి వచ్చేశారు. ఆడవాళ్ళు చూరు కింద కుండలు పెట్టారు. మగవాళ్ళు చొక్కాలు విప్పి ఎగిరారు, బురదలో దొర్లారు. పెద్దాయన తడిసి ముద్దయి మా గడప దగ్గరికి వచ్చి, "మీ నాయన ఇడిసిపెట్టినాడప్పా వానను! యాడుండాడో మహానుభావుడు" అని మా ఆయనకు దండం పెట్టాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

మా ఆయన చూరు కింద గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. దండం పెట్టిన ఆ మనిషిని చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా గుండీలు తీయడం మొదలుపెట్టాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. నా చెయ్యి నెమ్మదిగా తీసి పక్కన పెట్టాడు. చొక్కా విప్పి గడప మీద పడేసి, వీధి మధ్యకు పోయి నిలబడ్డాడు. మెడ కింద నుంచి నడుం దాకా తెలుపు. వీపంతా తెలుపు. రెండు చేతులూ మోచేతుల కింది దాకా తెలుపు. పగటి వెలుతురులో అంతా ఒక్కసారిగా నేను కూడా అప్పుడే చూశాను.

"ఇప్పుడే చూసుకోండప్పా" అన్నాడు గట్టిగా. ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలీదు. "బాగా చూసుకోండి. నేను సచ్చినప్పుడు నేరుగా కాల్చండి. ఒకతూరి పూడ్చి, మళ్ళా తవ్వద్దండి."

వీధి వీధంతా నవ్వింది. సున్నం పూసుకుని వచ్చాడనుకున్నారు. ఇన్నాళ్ళకు బపూన్ కొడుకు బయట పడ్డాడనుకున్నారు. ఆ పడుచువాడైతే చప్పట్లు కొట్టి, "అన్నా, మీ నాయన్ను మించినావే! ఇంత సున్నం యాడ దొరికిందన్నా?" అని అరిచాడు. ఆడవాళ్ళు కుండలు వదిలేసి వచ్చారు. మా ఆయన నవ్వలేదు. చేతులు వెడల్పుగా చాపి, అందరికీ కనబడేలా నెమ్మదిగా చుట్టూ తిరిగాడు.

వాన కురుస్తూనే ఉంది. సున్నం కారుతుందని అందరూ చూస్తున్నారు. ఛాతీ మీద నుంచి నీళ్ళు ధారగా దిగి పంచెలోకి పోతున్నాయి, తేటగా ఉన్నాయి. ముందు వరసలో ఉన్నవాళ్ళ నవ్వు ఆగింది. తర్వాత వాళ్ళ వెనక ఉన్నవాళ్ళది. ఆ పడుచువాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. దూరంగా ఉన్న ఒకామె మాత్రం తెలియక ఇంకా నవ్వుతోంది, పక్కామె మోచేత్తో పొడిచాక ఆమె కూడా ఆపేసింది.

పెద్దాయన మెల్లగా దగ్గరికి వచ్చాడు. తన మీది తడి కండువా తీసి మా ఆయన భుజాల మీద కప్పాడు. ఆయన కళ్ళలో కోపం లేదు, అసహ్యం కూడా లేదు. బిడ్డకు చెప్పినట్టు, చాలా దయగా చెప్పాడు.

"సరేలేప్పా. ఈ తూరి మర్సిపోములే."